చలిమిడి మలుపు

ఇలా రా బుల్లీ, నా పక్కకి జరుగు. ముక్కు తుడుచుకో. ఏడ్చింది చాలు. బస్సులో వాంతి చేసుకుంటే ఏమైందట? నీ మావయ్య కొడుకులు ‘వాంతుల బుల్లి’ అని వెక్కిరించారా? రేపు పొద్దున వాళ్ళ చెవులు మెలేస్తాను చూడు. ఈ మాత్రానికే దిండంతా తడిపేస్తావా?

ఒసే పిచ్చిదానా, ఈ వాంతులు నీకు ఊరికే రాలేదు. మన ఇంట్లోనే ఒకావిడ నుంచి వచ్చాయి. ఆవిడకి బస్సు పడకపోబట్టే రెండూళ్ళు బాగుపడ్డాయి. నవ్వకు, నిజంగా నిజం. చెప్తాను, ఊఁ కొడుతూ విను. ఊఁ కొట్టలేదో, మధ్యలో ఆపేసి గుర్రు పెట్టేస్తాను. నా సంగతి నీకు తెలుసు కదా.

అనగనగా ఒక ఊరు కాదమ్మా, రెండూళ్ళు. మధ్యలో ఒక కొండ. కొండకి ఇటు పనసవలస, అటు గెడ్డవలస. మరీ పెద్ద కొండేం కాదు. అన్నం తిని ఎక్కామంటే మళ్ళీ ఆకలేసేలోపు అటు దిగిపోవచ్చు. పూర్వం అందరూ ఆ కొండ మీది కాలిబాటనే నడిచేవారు. పెళ్ళికి నడిచేవారు, తీర్థానికి నడిచేవారు, పోట్లాటకి కూడా నడిచే వెళ్ళేవారు.

అప్పుడు బస్సొచ్చింది. కొండ చుట్టూ తిరిగి, టౌను మీదుగా, గెడ్డ దాటి, అదే మీరు వాగు అంటారే, అది దాటి, గెడ్డవలస చేరేది. చుట్టుతిరుగుడే గాని, కిటికీ పక్కన కూర్చుంటే గాలి, పైన సామాను పెట్టుకోవడానికి చోటు. ఇంకేం, జనం ఎగబడ్డారు. కొండ మొహం చూసినవాళ్ళు లేరు.

ఆ తర్వాత బాటలో గడ్డి మొలిచింది. గడ్డి తర్వాత రేగుకంప వచ్చింది. రేగుకంప తర్వాత ఈతపొదలు. కొన్ని వానాకాలాలు పోయేసరికి గొర్రెపిల్ల దూరడానికి కూడా సందు లేకుండా పోయింది.

ఇటు పనసవలసలో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే, చెల్లి చిలకమ్మని చంకనేసుకుని తనే పెంచింది. జడ వేసింది తనే, జ్వరమొస్తే కూర్చుంది తనే, పెళ్ళి చేసి అటు గెడ్డవలస సింహాద్రికిచ్చి పంపిందీ తనే. చిలకమ్మ ఆవిడని ‘అప్పా’ అని పిలిచేది. మా వైపు అక్కని అప్ప అంటాం.

దాలమ్మకి దేనికీ లోటు లేదు. మాటకి మాట ఉంది, చేతిలో పనుంది. ఒక్కటే చిక్కు. కదిలేది ఏదెక్కినా ఆవిడకి కడుపులో తిప్పేసేది. బస్సు సంగతి సరే, ఉయ్యాల ఊగినా అంతే. చెల్లి పెళ్ళికి అందరూ బస్సెక్కి వెళ్తే, అప్పటికి బాట ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు గనక, దాలమ్మ ఒక్కత్తే కొండ దాటి బస్సు కంటే ముందే పెళ్ళింటికి చేరింది. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా అందించింది!

ఊఁ అనవే. ఆఁ, అలా.

ఒకరోజు బస్సు కండక్టరు గవర్రాజు మెట్టు మీద వేలాడుతూ ఊరంతా వినపడేలా అరిచాడు. “ఒలే దాలమ్మా! నీ చెల్లికి మూడో నెలట!” అప్పట్లో ఫోన్లెక్కడివి? కబురు తెచ్చినా, కబురు పంపినా గవర్రాజే. ఆ మనిషికి మెల్లగా మాట్లాడడం రాదు.

దాలమ్మ చేతిలో చేట అలాగే వదిలేసి, ఉన్నచోటే రెండు గంతులేసింది. అన్నేళ్ళకి చెల్లి కడుపు పండింది మరి. ఆ తర్వాత గబగబా లోపలికెళ్ళి బియ్యం నానబోసింది.

ఎందుకంటావా? చలిమిడికి. చలిమిడి తెలీదా? ఓర్నాయనో, ఏం పట్నం పిల్లవే! నానిన బియ్యం దంచి, పిండి జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి వేసి ముద్ద చేస్తారు. కొబ్బరి ముక్కలు, గసగసాలు వేస్తారు. కడుపుతో ఉన్న ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఆ చలిమిడి తెచ్చి ఒళ్ళో పెట్టాలి. మూడో నెలలో ఓసారి, ఐదులో ఓసారి, ఏడులో ఓసారి, తొమ్మిదిలో ఓసారి. తల్లి తేవాలి. తల్లి లేకపోతే అక్క తేవాలి. వేరేవాళ్ళ చేత పంపితే అది ఉత్త పిండిముద్దే గాని చలిమిడి కాదు. మా వైపు పట్టింపు అలాంటిది.

మూడో నెల చలిమిడి ఇత్తడి గిన్నెలో పెట్టుకుని దాలమ్మ బస్సెక్కింది. చేతిలో నిమ్మకాయ, బుగ్గన ఉసిరికాయ. బస్సు కదిలింది. ఊరు దాటింది. అంతే! నిమ్మకాయ ఒకవైపు, దాలమ్మ ఒకవైపు. గవర్రాజు పాపం బస్సాపి, దింపి, నెత్తిన నీళ్ళు చల్లాడు. మూత తెరవని గిన్నెతో దాలమ్మ తూలుకుంటూ ఇంటికొచ్చింది. ఆ చలిమిడి వీధిలో పిల్లలు తిన్నారు.

ఐదో నెలలో ఎడ్లబండి కట్టించింది. బండి మెల్లగా వెళ్తుంది గనక ఏం కాదనుకుంది. బస్సు ఒక్కసారి తిప్పితే బండి దారి పొడుగునా తిప్పింది. టౌను కూడా చేరకుండానే ఎడ్లు తోలేవాడు భయపడి వెనక్కి మళ్ళించేశాడు. ఆ చలిమిడి కూడా వీధిలో పిల్లలే తిన్నారు. పిల్లలకేం, వాళ్ళకి పండగ.

ఏడో నెలలో పంతం పట్టింది. రోడ్డెంబడే నడిచి పోతానంది. తెల్లారకుండా బయల్దేరింది. ఎండకి నడిచింది, ఆ తర్వాత వానకి నడిచింది. తీరా టౌను దాటి గెడ్డ దగ్గరికొచ్చేసరికి, పైన కురిసిన వానలకి గెడ్డ పొంగి రోడ్డు మునిగిపోయింది. ఇటు బస్సులిటే, అటు బస్సులటే. దాలమ్మ ఇవతలి ఒడ్డున గిన్నె పట్టుకుని నిలబడింది, నిలబడింది. నీళ్ళు తగ్గలేదు. మర్నాడు కాళ్ళు బొబ్బలెక్కి ఇంటికొచ్చింది. ఈసారి చలిమిడి పిల్లలు కూడా తినలేదు. వానకి నాని పాడైపోయింది.

పాపం కదూ? నాకూ అలాగే అనిపిస్తుంది. కాసేపాగు, మంచినీళ్ళు తాగుతాను.

ఆఁ. గెడ్డ తగ్గాక బస్సొచ్చింది. గవర్రాజు మెట్టు మీద నిలబడ్డాడు. ఆ రోజు మాత్రం అరవడానికి అతనికి నోరు రాలేదు. కిందికి దిగి, దాలమ్మ దగ్గరికొచ్చి, తల దించుకుని చెప్పాడు. “మీ చెల్లి చెప్పమంది. ఇంక తొమ్మిదో నెల ఒక్కటే మిగిలిందట. అప్పుడు కూడా నువ్వు రాకపోతే, తల్లీ లేనట్టే, అప్పా లేనట్టే అనుకుంటుందట. రాత్రుళ్ళు భయమేస్తోందట.”

దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగానే ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. తలెత్తి కొండవైపు చూసింది. ఇంట్లోకెళ్ళి చూరులోంచి కొడవలి తీసుకుంది.

మొదటి రోజు ఒక్కత్తే కంప కొట్టింది. ఊరంతా నవ్వింది. మరీ ఎక్కువ నవ్వినవాడు సూరినాయుడు. ఊరి పెద్ద. నోరు పెద్దది, మనసు మంచిదే. “ఒలే దాలమ్మా, ఆ కంపకి నీ కొడవలి కాదే, ఏనుగులు కావాలి!” అన్నాడు. “ఏనుగు రాలేదు బాబూ, మీరైనా రండి,” అంది దాలమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నాయుడు మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండో రోజు నాయుడు సలహా చెప్దామని వచ్చాడు. రాయి మీద కూర్చుని, అలా కొట్టకూడదు, ఇలా కొట్టాలి అంటూ మొదలెట్టాడు. అప్పుడు దాలమ్మ కొడవలి దేనికో తగిలి ఖంగుమంది. కంప తీసి చూస్తే, కింద చక్కగా పరిచిన బండరాయి. దాని పైన ఇంకోటి. దాని పైన ఇంకోటి. పూర్వం ఎవరో వేసిన మెట్లు.

నాయుడు గబుక్కున లేచాడు. ఒంగి మట్టి తుడిచాడు. “ఇది మా నాయన వేసిన మెట్టే! నేను చిన్నపిల్లాణ్ణి, నీళ్ళ కుండ మోశాను!” అన్నాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత సలహా లేదు, గిలహా లేదు. తలగుడ్డ బిగించి గునపం అందుకున్నాడు.

ఇంక చూడు, మూడో రోజు ఊరు ఊరంతా కొండ కింద ఉంది! నాయుడి తండ్రి మెట్లు వేస్తే మా తాత ఊరుకున్నాడా అని ఒకరు, బాట పక్కన ఈ రాతిగోడ కట్టింది మా ముత్తాత అని ఒకరు. ఎవరి పెద్దల పని వాళ్ళు వెతుక్కోవడం మొదలెట్టారు. కంప కొట్టేవాళ్ళు కొడుతున్నారు, మట్టి లాగేవాళ్ళు లాగుతున్నారు, ఆడవాళ్ళు కుండలతో చోడంబలి పట్టుకొచ్చి పోస్తున్నారు. చోడంబలంటే మీరు రాగిజావ అంటారే, అదే.

పని చేస్తూ చేస్తూ వాళ్ళకి కొండ రుచి తెలిసింది. పొద్దున్నే ఆ గాలి, చెట్టు మీదే పండిన సీతాఫలాలు, పైనుంచి చూస్తే బొమ్మల్లా వాళ్ళ ఇళ్ళు. ‘మా ఇల్లు అదిగో’ అంటే ‘మా గేదె అదిగో’ అని పిల్లల గోల. మోకాళ్ళు నొప్పులని గడప దాటని ముసలమ్మలు కూడా, సాగినంత బాట చూసొస్తామని మెల్లగా ఎక్కేవారు. పనయిపోయినా ఒక పట్టాన దిగేవారు కాదు. పనికెళ్ళారో, షికారుకెళ్ళారో వాళ్ళకే తెలీలేదు.

ఈ సంగతి తెలిసి గవర్రాజు ఊరుకుంటాడా? అటు గెడ్డవలసలో బస్సు ఆగకముందే అరిచాడు. “పనసవలస వాళ్ళు కొండ మీంచి బాట వేసుకొస్తున్నారహో! తొమ్మిదో నెల పడగానే దాలమ్మ నడిచొస్తుందహో!”

గెడ్డవలసలో చిలకమ్మ అత్తగారు పారమ్మ ఉండేది. ఆవిడ గొంతెత్తితే కాకులు లేచిపోయేవి. “ఏటి, అటువాళ్ళు బాట వేసుకుని మన కొండెక్కుతుంటే మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా? మన ఊరి పరువేం కావాలి?” అంది. అంతే, మర్నాడు పొద్దున్నే గెడ్డవలస కూడా గునపాలు పట్టుకుని కదిలింది.

ఇక్కడే వచ్చింది తంటా. పనసవలస వాళ్ళకి కొండ మీద ఒక నీళ్ళ చెలమ ఉంది. ఎండాకాలంలో కూడా ఊరుతుంది, చల్లటి నీళ్ళు. అదంటే వాళ్ళకి గొప్ప. బాట చెలమ మీదుగా పోవాలని నాయుడు అటు తిప్పించాడు. గెడ్డవలస వాళ్ళకేమో అటువైపు గాలిబండ ఉంది. దాని మీద నిలబడితే గాలి పమిట ఎగరేసుకుపోతుంది. దూరాన సముద్రం కూడా గీతలా కనిపిస్తుంది. అదంటే వాళ్ళకి గొప్ప. బాట గాలిబండ మీదుగా రావాలని పారమ్మ ఇటు తిప్పించింది.

గవర్రాజుతో ఒక్క మాట పంపితే సరిపోయేది. ‘మేం ఇటు వస్తున్నాం, మీరెటు వస్తున్నారు?’ అని. పంపలేదు. అడిగితే తక్కువైపోతామని ఇటువాళ్ళు, ముందు వాళ్ళే అడగాలని అటువాళ్ళు. రెండూళ్ళకీ పని వచ్చు, పొగరూ వచ్చు. అడగడం మాత్రం రాదు.

తొమ్మిదో నెల పడింది. ఎవరి వైపు బాట వాళ్ళు పూర్తి చేశారు. గవర్రాజు అరిచి చెప్పిన రోజొచ్చింది. ఇటునుంచి డప్పులు, అటునుంచి సన్నాయి. దాలమ్మ తలంటుకుని, పసుపు రాసుకుని, ఇత్తడి గిన్నె నెత్తిన పెట్టుకుంది. నాయుడు ముందు, దాలమ్మ వెనక, ఊరంతా వాళ్ళ వెనక. చెలమ దగ్గరికొచ్చి చూస్తే ఏముంది? గెడ్డవలస లేదు. ఎదురుగా మనిషెత్తు ముళ్ళపొద. సన్నాయి మాత్రం పొదకి అవతల ఎక్కడో వినిపిస్తోంది.

రెండు బాటలూ ఒకదాన్నొకటి తప్పించుకుని పోయాయన్నమాట!

“ఓ గెడ్డవలసా! బాట తప్పారు, ఇటు రండి!” అని నాయుడు అరిచాడు. “తప్పింది మీరు! గాలిబండ లేని బాటా ఒక బాటేనా?” అని అవతల్నుంచి పారమ్మ. “చెలమ లేకపోతే గొంతు తడుపుకునేదెక్కడమ్మా?” అని నాయుడు. “మా బండ మీద నిలబడితే దాహమే వెయ్యదు బాబూ!” అని పారమ్మ. పొదకి ఇటో ఊరు, అటో ఊరు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి కనపడకుండానే తిట్టుకున్నారు. డప్పులూ సన్నాయీ కూడా ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి.

అప్పుడు పొదకి అవతల్నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. “అప్పా!”

దాలమ్మ పొద దగ్గరికి ఉరికింది. “ఒసే చిలకా! నువ్వేటే ఇక్కడ? నిండు నెలలతో కొండెక్కొచ్చావా? బుద్ధుందా నీకు?” అని పొదలోకే తిట్టింది.

“నువ్వొస్తున్నావంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదప్పా. మా వాళ్ళు బాట వాలుగా వేశారు. మీ మరిది చెయ్యి పట్టుకుని మెల్లగా తీసుకొచ్చాడు,” అంది చిలకమ్మ.

అప్పుడు పారమ్మ గట్టిగా అంది. “సింహాద్రీ, నీ పెళ్ళాన్ని కిందికి తీసుకుపో. ఎండెక్కుతోంది. ఈ తగువు తేలాక, వచ్చే వారమో ఆ పై వారమో చలిమిడి సంగతి చూద్దాం.” ఇటు నాయుడు కూడా, “అంతే, ముందు ఎవరి బాట నిలబడాలో తేలనీ,” అన్నాడు. గుమ్మం దాకా వచ్చి గొడుగు దగ్గర పోట్లాడుకున్నట్టుంది చూడు, వీళ్ళ తీరు.

దాలమ్మకి ఒళ్ళు మండింది. “వచ్చే వారమా? ఆ బిడ్డ మీ తగువు తేలేదాకా ఆగుతుందా? నేను బస్సులో ఆగాను, బండిలో ఆగాను, గెడ్డ ఒడ్డున ఆగాను. ఇంక ఆగను!” అంది. గిన్నె చెలమ గట్టు మీద పెట్టింది. కొంగు నడుముకి చుట్టి కొడవలి తీసింది. “చిలకా! నువ్వు పిలుస్తూ ఉండు. నీ పిలుపు పట్టుకుని నేనొస్తాను.”

చిలకమ్మ ‘అప్పా’ అంటే దాలమ్మ ఒక కొమ్మ నరికేది. మళ్ళీ ‘అప్పా’ అంటే ఇంకో కొమ్మ. చేతులు గీసుకుపోయి నెత్తురొచ్చినా ఆగలేదు. అది చూసి పొదకి ఇటు ఒక ఆడమనిషి డప్పులవాళ్ళని పక్కకి తోసి కొడవలి పట్టింది. ఆవిడని చూసి ఇంకొకత్తె. అవతల చిలకమ్మ మొగుడి నడుమున ఉన్న కత్తి లాక్కోబోయింది. సింహాద్రి హడలిపోయి, “నువ్వు నీడన కూర్చో, నేను కొడతాను,” అని తల్లి మాట పక్కనపెట్టి పొదలోకి దిగాడు. అతని వెనక అటువైపు ఆడవాళ్ళు దిగారు. ఆ తర్వాత మగవాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే జారుకున్నారు.

నాయుడూ పారమ్మా ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు. కాసేపటికి నాయుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక్కడూ లేడు. అవతల పారమ్మా వెనక్కి చూసుకుంది. ఆవిడ వెనకా లేరు. హహ్హహ్హ! నవ్వవే, ఇక్కడ నవ్వాలి.

చివరికి ఒక్క ఈతపొద మిగిలింది. దాని సందుల్లోంచి ఇటువాళ్ళకి అటువాళ్ళు కనిపిస్తున్నారు. అందరూ చెయ్యాపి, ఇద్దరు పెద్దల వైపూ చూశారు. నాయుడు మెల్లగా వచ్చాడు. పారమ్మా వచ్చింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎగాదిగా చూసుకున్నారు. “కొట్టండి వదినా,” అన్నాడు నాయుడు. “మీరే కొట్టండి అన్నయ్యా,” అంది పారమ్మ. ఆఖరికి ఇద్దరూ ఒకేసారి కొట్టారు. పొద పక్కకి ఒరిగింది.

దాలమ్మ చెలమ నీళ్ళతో చేతులు కడుక్కుంది. గిన్నె తీసుకుని నడిచొచ్చింది. చిలకమ్మ చెట్టు నీడన చాప మీద కూర్చునుంది. దాలమ్మ ముందు చెల్లి మొహం పట్టుకుని, “ఎంత నల్లబడిపోయావే, వీళ్ళు నీకు తిండి పెట్టడం లేదా?” అంది, పక్కన పారమ్మ ఉందని కూడా చూడకుండా. ఆ తర్వాత నుదుట బొట్టు పెట్టి, చలిమిడి ఒళ్ళో పెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మెడలు పట్టుకుని ఏడ్చారు. రెండూళ్ళూ ఏడ్చాయి. గయ్యాళి పారమ్మ కూడా ఏడ్చి, కళ్ళలో నలక పడిందని అబద్ధమాడింది.

ఆ చలిమిడి చిలకమ్మ తినగా మిగిలింది చిటికెడు చిటికెడుగా అందరూ తిన్నారు. అప్పుడు చూసుకున్నారమ్మా, అసలు సంగతి. కొత్తగా కొట్టిన ఆ ముక్కతో, బాట చెలమ మీదుగా వచ్చి గాలిబండ మీదుగా పోతోంది! నీళ్ళూ కలిశాయి, గాలీ కలిసింది. అంత చక్కటి బాట ఏ ఊరివాళ్ళు ఒక్కళ్ళే వేసినా వచ్చేది కాదు.

కాకపోతే ఆ ముక్క మాత్రం తిన్నగా లేదు. పాములా వంకర. ఎందుకంటే నీడ జరిగినప్పుడల్లా చిలకమ్మ చాప జరుపుకుంది, పిలుపూ జరిగింది, పిలుపుతోపాటు బాటా జరిగింది. ఆ తర్వాత నాయుడు దాన్ని తిన్నగా చేద్దామన్నాడు గాని ఆడవాళ్ళు ఒప్పుకుంటేనా! “ఆ వంకరే మాకు కావాలి,” అన్నారు. దానికే చలిమిడి మలుపు అని పేరొచ్చింది. ఇప్పటికీ అదే పేరు.

ఆ తర్వాత చిలకమ్మకి చక్కటి ఆడపిల్ల పుట్టింది. పురిటికి దాలమ్మ కొండ మీంచే వెళ్ళింది, బారసాలకీ కొండ మీంచే వెళ్ళింది. ఊరికే బుద్ధి పుట్టినప్పుడల్లా కూడా వెళ్ళింది.

బాట మళ్ళీ మూసుకుపోకుండా రెండూళ్ళూ ఒక కట్టడి చేసుకున్నాయి. ఆ బాటన ఎవరు నడిచినా, ఎంత గొప్పవాళ్ళైనా, ఒక ముళ్ళకొమ్మ కొట్టి పక్కన పెట్టాలి. కొండ కింద చెట్టుకి అందుకే కత్తులు వేలాడదీసి ఉంటాయి. ఆ తర్వాత కొండకి ఆ పక్కనున్న కొత్తవలస వాళ్ళొచ్చి, మాకూ ఒక కొమ్మ బాట వెయ్యరా అని అడిగారు. వేశారు. పిల్లలు బడికి పోయే బాట వేశారు. జీడితోటలోకి ఒకటి వేశారు. ఇప్పుడు ఆదివారం ఆదివారం పట్నం నుంచి బూట్లు వేసుకుని మరీ వస్తున్నారు నడవడానికి. వాళ్ళ చేతికీ కత్తిస్తాం, మాకేం మొహమాటం! ‘ఎవరు వేశారండీ ఇంత మంచి బాట?’ అని వాళ్ళడుగుతారు. ‘మేమే,’ అంటాం. ఆ ఒక్క మాట అనేటప్పుడు చూడాలి మావాళ్ళ మొహాలు.

అలాగని బస్సుని తిట్టకు. బస్సూ మనదే. గవర్రాజు కూడా సెలవు రోజున దిగి కొండెక్కేవాడు. పైకెళ్ళి అరిస్తే రెండూళ్ళకీ ఒకేసారి వినపడేది.

ఏడాదికోసారి, బాటలు కలిసిన ఆ రోజున, రెండూళ్ళూ రెండువైపుల నుంచీ ఎక్కి చలిమిడి మలుపు దగ్గర కలుసుకుని చిటికెడు చిటికెడు చలిమిడి పంచుకుంటారు. అదే రేపటి పండగ. దానికే కదా మీ అమ్మ నిన్ను తీసుకొచ్చింది. రేపు ఇంకో కొత్త బాట కూడా తెరుస్తున్నారు, కొండ మీంచి గెడ్డ దాకా.

దాలమ్మ మన ఇంట్లో ఎవరా? అడుగుతావనే చూస్తున్నాను. ఆవిడ మా పెద్దమ్మ. చిలకమ్మ మా అమ్మ. ఆ రోజు కొండ మీద, నిండు కడుపులో ఉండి ఆ గోలంతా విన్నది నేనేనే! కళ్ళు అలా పెద్దవి చెయ్యకు, నిద్ర పారిపోతుంది.

ఇంకొక్క మాట విను. ఆ ఇత్తడి గిన్నె ఇప్పటికీ మన ఇంట్లోనే ఉంది. పెద్దమ్మ పోయేముందు నా చేతికిచ్చి ఏమందో తెలుసా? “ఒలే, ఏటేటా ఈ గిన్నె మోసుకెళ్ళాల్సింది మన ఇంట్లో బస్సు పడనివాళ్ళే. అలాంటిది పుట్టేదాకా నీ దగ్గరుంచు,” అంది. నాకేమో బస్సు హాయిగా పడుతుంది. మీ అమ్మకీ పడుతుంది. మీ మావయ్య కొడుకులకైతే చెప్పక్కర్లేదు, టాపు మీద కూడా కూర్చుంటారు వెధవలు. ఇన్నేళ్ళూ నేనే మోశాను, నాది కాని గిన్నె.

ఇవాళ నువ్వు బస్సు దిగుతూనే గుమ్మం ముందు వాంతి చేసుకున్నావు చూడు, అందరూ అయ్యో పాపం అన్నారు. నేనన్నానా? లేదు. లోపలికెళ్ళి, ఆ గిన్నె దింపి, చింతపండు పెట్టి తళతళా మెరిసేలా తోమాను. అదిగో, ఆ గూట్లో బోర్లించి ఉంది.

రేపు డప్పుల ముందు నడిచేది నువ్వే. నిన్ను వెక్కిరించిన ఆ వెధవలు నీ వెనక నడవాలి, నీ చేతి చలిమిడికి చెయ్యి చాపాలి. పెద్ద చిటికెడు పెట్టకు వాళ్ళకి, చిన్నదే పెట్టు.

ఏటీ, ఏమన్నావు? తిరిగెళ్ళేటప్పుడు పట్నం దాకా కూడా బాట వేసేద్దామా? వేద్దాం తల్లీ, వేద్దాం. ముందు నిద్రపో. కాళ్ళు చాపుకో. ఇదిగో, ఇది చెప్పేసి దీపం తీసేస్తాను.

కొండ మీద మలుపు,
మలుపు కాడ పిలుపు,
చెల్లి ఒళ్ళో చలిమిడి,
ఊళ్ళ నిండా సందడి,
కొత్త బాట ముందర,
బుల్లి కంట నిద్దర.
కథ బస్సెక్కి కంచికి,
మనం నడిచి ఇంటికి!